గాలి కొట్టేవాడి చేత చెప్పించిన మాట

1999 ఫిబ్రవరి 15, సాయంత్రం ఏడు దాటింది. ఈశాన్య చైనాలో షెన్యాంగ్ నగరం. రైలు పట్టాలకు పడమటి వైపున్న తియెషీ పేటలో మీరు మెట్లెక్కుతున్నారు. మూడంతస్తుల ఎర్ర ఇటుకల కట్టడం. 1950ల మొదట్లో కార్మికుల కోసం ప్రభుత్వం కట్టించిన కాలనీ ఇది. ఆదర్శ కార్మికులన్న పేరు తెచ్చుకున్నవాళ్ళకే అప్పట్లో ముందుగా ఇళ్ళు దొరికాయి. ఇప్పుడు మెట్ల దగ్గర బల్బు లేదు. గోడ తడుముకుంటూ ఎక్కాలి. వసారా పొడుగునా చలికాలానికని దాచుకున్న క్యాబేజీలు, వాటి మీద పాత దుప్పట్లు.

కింద తలుపు పక్కన గొలుసుతో కట్టేసిన మూడు చక్రాల బండి చూశారు కదా. సామాను పెట్టే చెక్క ముందుంటుంది, తొక్కేవాడు వెనక కూర్చుంటాడు. ఈ ఊళ్ళో దాన్ని వెనక్కి తిరిగి ఎక్కిన గాడిద అంటారు. ఈ మధ్య వీధుల్లో ఎటు చూసినా అవే. తొక్కేవాళ్ళలో చాలామంది మొన్నమొన్నటిదాకా లేతు మీదో, కొలిమి దగ్గరో నిలబడ్డవాళ్ళు.

లోపలికి రండి. చెప్పులు అక్కడ వదిలేయండి. ఈ ఇంటివాళ్ళ పేర్లు మాత్రం అడక్కండి. ఆ రాత్రి ఆ పేటలో ఏ తలుపు తట్టినా కనిపించగలిగే మనుషుల్ని నేను ఒక్క గదిలో కూర్చోబెట్టాను. మిగతావన్నీ, ఆ టీవీలో కనబడబోయేదాంతో సహా, జరిగినవే.

గదిలో చలి పూర్తిగా పోలేదు. గోడ పక్క వేడినీళ్ళ గొట్టం మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది. కిటికీ సందుల్లో కాగితం కుక్కి, పైన ప్లాస్టిక్ పట్టా బిగించారు. మంచం మీద పీట వేసుకుని అత్తా కోడళ్ళు పిండి చిన్న చిన్న బిళ్ళలుగా వత్తుతున్నారు. లోపల పంది మాంసం, పులియబెట్టిన క్యాబేజీ కూరి, అంచులు మడిచి నొక్కుతున్నారు. అర్ధరాత్రి కొత్త ఏడాది గంట కొట్టే వేళకి ఇవి ఉడికి కంచాల్లోకి రావాలి. కుందేలు ఏడాది వస్తోంది. ఒకదాంట్లో నాణెం పెట్టారు. అది పంటి కింద పడినవాళ్ళకి ఏడాదంతా అదృష్టమట. పదేళ్ళ మనవడు దాని మీదే కన్నేసి కూర్చున్నాడు.

బీరువా మీద ఎనామిల్ మగ్గు ఉంది. దగ్గరికి వెళ్ళి చూడండి. తెల్లటి మగ్గు, నీలం అంచు. పిడి దగ్గర ఎనామిల్ పెచ్చు ఊడి, ఆ మేర ఇనుము తుప్పు పట్టింది. పొట్ట మీద ఎర్ర అక్షరాలు: ఆదర్శ కార్మికుడు, ఫలానా ఫ్యాక్టరీ, ఫలానా సంవత్సరం. సంవత్సరం దగ్గర అక్షరాలు అరిగిపోయాయి, ఇన్నేళ్ళూ రోజూ అక్కడే బొటనవేలు ఆనింది మరి. ఇంటి పెద్ద అందులోనే టీ తాగుతాడు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి. అతని పేరు ఫ్యాక్టరీ పుస్తకాల్లో ఇంకా ఉంది, పని మాత్రం లేదు. పునరుపాధి సేవాకేంద్రంతో సంతకం పెట్టించుకున్నారు. మూడేళ్ళలోపు బతుకుదెరువు వెతుక్కోవాలి, అందాకా నెలకింత జీవనభృతి ఇస్తారు. ఫ్యాక్టరీ చేతిలో డబ్బుంటే వస్తుంది, లేకపోతే వచ్చే నెల అంటారు. మరికొందరి చేతిలో సర్వీసు లెక్కగట్టి ఒక మొత్తం పెట్టి సాగనంపుతున్నారు, మన దగ్గర వీఆర్‌ఎస్ ఇచ్చినట్టు.

ఇది ఒక్క ఫ్యాక్టరీ గోడు కాదు. జీవితాంతం ఉండే కొలువు, దాంతోపాటే ఇల్లు, ఆసుపత్రి, పిల్లల బడి అన్న ఏర్పాటు మీదే ఈ పేట నిలబడింది. కమ్యూనిస్టు చైనాలో దివాలా తీసిందని ప్రకటించిన తొలి సంస్థ 1986లో ఇదే నగరంలో మూతపడింది. 1997 పార్టీ మహాసభ తర్వాత సంస్కరణలు ఊపందుకున్నాయి. 1998లో ప్రధాని అయిన జు రోంగ్జీ, నష్టాల్లో ఉన్న పెద్ద సంస్థల్లో చాలావాటిని మూడేళ్ళలో గట్టెక్కిస్తామన్నాడు. గట్టెక్కించడమంటే ముందు బరువు దించడం. 1998 నుంచి 2003 వరకు ప్రభుత్వ సంస్థల్లో ఇలా పని పోయినవాళ్ళు 2 కోట్ల 80 లక్షల మందికి పైనే అని తర్వాత ప్రభుత్వమే లెక్క చెప్పింది. ఈ గదిలో ఉన్నవాళ్ళకి ఆ లెక్క తెలియదు. పక్కింటివాళ్ళూ ఎదురింటివాళ్ళూ తెలుసు, అంతే.

ఎనిమిదయింది. చైనా సెంట్రల్ టెలివిజన్ వసంతోత్సవ గాలా మొదలైంది. 1983 నుంచి ఏటా ఇదే రాత్రి, ఇదే వేళ. పాటలు, నాట్యాలు, గారడీలు, హాస్య నాటికలు. ఎవరు చూసినా చూడకపోయినా టీవీ మాత్రం ఆపరు. పక్క వాటాలోంచి ఒక పెద్దాయన కుర్చీ తెచ్చుకుని వచ్చాడు. ఈ ఇంటాయనకి పని నేర్పిందీ ఆయనే. “రండి మేస్త్రీ, ఇటు గొట్టం పక్కన కూర్చోండి” అని కోడలు చోటు చూపించింది. ఆ రాత్రి హాస్యనటులు ఝావ్ బెన్షాన్, సోంగ్ దందాన్ పల్లెటూరి ముసలి జంటగా వచ్చి, టాక్ షోలో కూర్చుని తమ పాత ప్రేమకథ చెప్పుకున్న నాటిక ఉంది. దానికి ఈ గది విరగబడి నవ్వింది. ఝావ్ ఈ లియావోనింగ్ ప్రాంతంవాడే, ఆ యాస వీళ్ళ యాసే. పండగలకైనా ఇంటికొచ్చి అమ్మానాన్నల్ని చూసి వెళ్ళమనే పాట కూడా ఆ రాత్రిదే. దానికి అత్తగారు చొక్కా చేతి అంచుతో కళ్ళొత్తుకుంది. అంతవరకూ పండగ పండగలాగే ఉంది.

ఇప్పుడు చూడండి. వేదిక మీదికి సైకిలు పంపు వచ్చింది.

నాటిక పేరు ‘గాలి కొట్టడం’. నటులు హువాంగ్ హోంగ్, జూ హావ్. హువాంగ్ హార్బిన్‌లో పుట్టినవాడు, అంటే ఇతనూ ఈశాన్యపు బిడ్డే. వేసిన వేషం పని పోయిన కార్మికుడిది, ఇప్పుడు వీధిలో సైకిళ్ళకు గాలి కొట్టి బతుకుతున్నాడు. గదిలో మాటలు ఆగిపోయాయి. కోడలి చేతిలో పిండి బిళ్ళ అలాగే ఉంది. దేశమంతా చూసే ఈ రాత్రి, ఆ వేదిక మీద, తమలాంటివాడు. ఒక్క క్షణం ఇంటాయన ముఖం చూడండి. వెలిగింది. మమ్మల్ని తలుచుకున్నారన్న వెలుగు అది. నా దృష్టిలో ఈ రాత్రంతటిలోనూ ముఖ్యమైన క్షణం ఇదే.

వేషధారి తన కథ అంత్యప్రాసలతో గబగబా చెప్పుకుపోతున్నాడు. పద్దెనిమిదేళ్ళకి సైకిలు ఫ్యాక్టరీలో చేరాడట. ముందు యువజన సంఘంలో, తర్వాత పార్టీలో. గౌరవ ఫలకం మీద మూడుసార్లు పేరెక్కిందట. ఉప బృందనాయకుడు కాబోతున్నాడట. అప్పుడు పైవాళ్ళు పిలిచి మనుషుల్ని తగ్గించాలన్నారు. వెంటనే ఇతను, కార్మికుడన్నవాడు దేశం సంగతి ఆలోచించాలి, నేను కాకపోతే ఇంకెవరు తప్పుకుంటారు అని తానే ముందుకొచ్చాడట!

స్టూడియోలో చప్పట్లు. గదిలో చప్పుడు లేదు.

“ఇతను తనే వెళ్ళాడా నాన్నా? మరి నిన్ను...” అని పిల్లాడు అడిగాడు. తల్లి వాడి మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది.

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. “పోనీలేరా. మన సంగతి ఎత్తారుగా. కిందటేడు ఎత్తను కూడా ఎత్తలేదు.” ఇంటాయన మగ్గు కింద పెట్టాడు. “ఎత్తారు మేస్త్రీ. నేను ఒప్పుకున్నానని కూడా చెప్పేశారు. నన్నెవరడిగారు? గోడ మీద జాబితా అంటించారు, వెళ్ళి పేరు చూసుకున్నా.” అప్పుడు కోడలు అంది: “అసలు ఈ ఒక్క రాత్రి ఆ ఊసెందుకు? ఏడాదంతా ఆ ఏడుపేగా. నాలుగు పాటలు పెడితే చాలదూ?”

ముగ్గురి మాటా మనం వినాలి. ఎందుకంటే పండగ కార్యక్రమాల్లో కష్టాల ప్రస్తావన ఉండాలా వద్దా అన్న ప్రశ్నకు ఉన్న జవాబులన్నీ ఈ గదిలోనే ఉన్నాయి. కోడలి మాట తేలిగ్గా తీసిపారేసేది కాదు. పూటపూటా లెక్కలతో వేగేవాళ్ళకి నాలుగు గంటలు మరిచిపోయే హక్కుంది. కానీ ఆ మరుపు ఇచ్చేవాళ్ళు ఎవరన్నది కూడా చూడాలి. ఒక ఊరి కళాకారులు పండగపూట కష్టం ఎత్తకుండా పాడితే అది ఓదార్పు. మనుషుల్ని తీసేయాలని నిర్ణయించిన ప్రభుత్వానిదే ఆ టీవీ కూడా అయినప్పుడు, ఆ రాత్రి అది అంతా బాగుందన్నట్టు నవ్వితే, పని పోయినవాడికి తాను లెక్కలో లేనని అర్థమవుతుంది. అందుకే మేస్త్రి అంత చిన్న ప్రస్తావనకే తృప్తిపడ్డాడు. మరుగున పడిపోవడమంటే ఎంత భయమో ఆయన మాటలోనే ఉంది.

నేను మాత్రం ఇంటాయన పక్షం. ప్రస్తావన ఉండాలి. అయితే పోగొట్టుకున్నవాడి చేతే, పోగొట్టుకోవడం నా ఇష్టం అని చెప్పించకూడదు. ఆ నాటికలో తప్పు కార్మికుణ్ణి వేదికెక్కించడం కాదు. సైకిళ్ళకు గాలి కొట్టి బతకడం హాస్యంలో చూపించడమూ కాదు. ఈ పేట మనుషులు తమ కష్టం మీద తామే నవ్వుకోగలరు, ఆ హాస్యం వాళ్ళ రక్తంలో ఉంది. తప్పంతా ఆ ఒక్క ఒప్పుకోలులో ఉంది. మూడుసార్లు గౌరవ ఫలకమెక్కినవాడికి కోపం రావద్దా? భృతి ఈ నెల రాలేదని అనొద్దా? యాభైకి దగ్గరపడ్డవాడికి ఎవరు పనిస్తారన్న భయం ఉండదా? అవన్నీ తీసేసి త్యాగం ఒక్కటీ మిగిల్చారు. త్యాగమని పేరు పెట్టాక ఇక బాకీ ఉండదు. ఇచ్చినవాడు తిరిగి అడగలేడు.

అర్ధరాత్రి గంట కొట్టింది. కంచాల్లోకి ఆవిర్లతో డంప్లింగులు వచ్చాయి. నాణెం మేస్త్రికి తగిలితే ఆయన ఎవరూ చూడకుండా పిల్లాడి కంచంలోకి జార్చాడు. పొద్దున్నే ఇంటాయన బండి గొలుసు విప్పుతాడు. పండగ మూడు రోజులూ బాడుగలు బాగుంటాయి.

ఆ ఏడాదే వాంగ్ బింగ్ అనే యువకుడు చిన్న డిజిటల్ కెమెరాతో ఈ పేటకొచ్చి, మూతపడుతున్న ఫ్యాక్టరీల్లో 2001 వరకు తిరిగాడు. దాన్నుంచి తొమ్మిది గంటల పైచిలుకు డాక్యుమెంటరీ ‘పట్టాల పడమర’ వచ్చింది. అందులో కార్మికులు తమ తరఫున తామే మాట్లాడతారు, తిడతారు, ఖాళీగా కూర్చుంటారు, స్నానాల గదిలో నవ్వుకుంటారు. దేశం కోసం వెళ్ళిపోతున్నామని ఎవరూ అనరు. ఆ నాటికలోని మాట మాత్రం ఏళ్ళు గడిచేకొద్దీ ఈశాన్యంలో ఎత్తిపొడుపుగా మారింది. ఇంటర్నెట్ వచ్చాక పాత వీడియో తవ్వితీసి, ఎవరి తరఫున ఆ మాట అన్నావని హువాంగ్ హోంగ్‌ని నిలదీశారు. నటుణ్ణి ఒక్కణ్ణే నిలదీయడం నాకు న్యాయంగా తోచదు. ఎన్నో వడపోతలు దాటితే తప్ప ఏ మాటా ఆ గాలాలో వినిపించదు.

అప్పుడు టీవీల ముందు కూర్చున్న పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. షెన్యాంగ్‌లో 1983లో పుట్టిన షువాంగ్ శ్యూతావ్, 1986లో పుట్టిన బాన్ యూ తమ అమ్మానాన్నల తరం గురించే కథలు రాశారు. పని పోయిన తండ్రులు, ఖాళీ ఫ్యాక్టరీలు, టాక్సీ నడిపే మేస్త్రీలు. సరదా కోసం పెట్టే టీవీలోకి కూడా ఆ కథ చివరికి తిరిగొచ్చింది. 2023లో ‘సుదీర్ఘ రుతువు’ అనే సీరియల్ చైనా అంతటా చూశారు. ఉక్కు ఫ్యాక్టరీ అంటే ప్రాణమిచ్చే రైలింజను డ్రైవరు, ఆ ఫ్యాక్టరీ పోయాక టాక్సీ నడుపుకునే ముసలివాడు అందులో కథానాయకుడు. ఆ వేషం వేసిన ఫాన్ వెయ్ షెన్యాంగ్‌వాడు. 2001 గాలాలో ఝావ్ బెన్షాన్ పక్కన నిలబడి దేశాన్నంతా నవ్వించిన హాస్యనటుడు కూడా ఆయనే. ఈ సీరియల్లోనూ ఆయన నవ్విస్తాడు. కానీ ఆ మనిషి చేత, నేనే తప్పుకున్నాను అని ఎవరూ చెప్పించలేదు.