పరదేశంలో నివాసస్థలం: తెలుగు వలసల చరిత్ర

దేశం వదిలి వెళ్లిన తెలుగువారు ఎక్కడ కాపురం పెట్టారు, ఎందుకు అక్కడే పెట్టారు అన్నది దాదాపు రెండు వందల ఏళ్ల చరిత్ర. అందులో మొదటి నూరేళ్లు ఆ నిర్ణయం వెళ్లినవారిది కాదు. ఒప్పందం రాయించుకున్న తోట యజమానిది, మనుషులను పోగుచేసిన మేస్త్రిది. నచ్చిన చోట ఉండే స్వేచ్ఛ వలసదారుకు కొద్దికొద్దిగానే దక్కింది, ఇప్పటికీ పూర్తిగా దక్కలేదు.

1834లో బ్రిటిష్ వలసరాజ్యాల్లో బానిసత్వ రద్దు అమల్లోకి వచ్చింది. చెరకు తోటలకు కూలీలు కరువయ్యారు. అదే ఏడాది నుంచి మారిషస్‌కు భారతీయ కూలీల రవాణా మొదలైంది. గోదావరి సముద్రంలో కలిసేచోట ఉన్న కోరంగి రేవు పేరు మీద మారిషస్‌లో తెలుగువారిని కోరంగీలన్నారు. బర్మాలోనూ అదే పిలుపు. 1839 ఉప్పెనలో ఆ రేవు దెబ్బతిన్నా పేరు మాత్రం పోలేదు.

దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు మద్రాసు నుంచి బయలుదేరిన మొదటి ఓడ ట్రూరో 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. ఈ ఓడల్లో వెళ్లిన కూలీల జాబితాలు చూస్తే ఆనాటి వలస ఎలాంటిదో తెలుస్తుంది. మనిషికొక నంబరు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, గ్రామం, ఎత్తు, ఒంటిమీది గుర్తులు, చివరికి ఏ యజమానికి అప్పగించారన్న వివరం. నువ్వు ఎక్కడ ఉండాలనుకుంటున్నావని అడిగే గడి ఒక్కటీ లేదు. పంపిన తోటే ఊరు, అక్కడి కొట్టమే ఇల్లు. అనుమతి చీటీ లేకుండా తోట దాటి పోతే శిక్ష. ఐదేళ్ల ఒప్పందం తీరాక కూడా దారి సులువు కాలేదు. తిరుగు ప్రయాణానికి బదులు భూమి ఇస్తామన్న హామీని 1891లో ఎత్తేశారు. ఒప్పందం ముగిసినవారు మళ్లీ కూలికి కుదరాలి, లేదా స్వదేశం పోవాలి, రెండూ కాదంటే ఏటా మూడు పౌండ్ల పన్ను కట్టాలని 1895లో చట్టం చేశారు. గాంధీ సత్యాగ్రహం తర్వాత 1914లో గాని ఆ పన్ను రద్దు కాలేదు. ఇంత అణచివేతలోనూ చాలామంది డర్బన్ చుట్టుపక్కల భూమి కౌలుకు తీసుకుని కూరగాయలు పండించి అక్కడే నిలబడ్డారు. తాము కోరుకున్న చోట ఉండిపోవడానికి వారు పెట్టిన ఆ పట్టు ఈ చరిత్రలో అన్నిటికన్నా గౌరవించదగినది. 1931లో అక్కడ ఆంధ్ర మహాసభను స్థాపించుకున్నది వారి సంతతే.

బర్మాకు ఉత్తరాంధ్ర నుంచి, గోదావరి జిల్లాల నుంచి జనం గుంపులుగా వెళ్లారు. మేస్త్రి ముందుగా అడ్వాన్సు ఇచ్చేవాడు. ఆ అప్పు తీరేదాకా అతను చూపిన ధాన్యం మిల్లులోనో రంగూన్ రేవులోనో పని, అతను చూపిన ఇరుకు గదిలోనే పడక. పొదుపు చేసి తిరిగి రావడమే ఎక్కువమంది ఉద్దేశం. 1930 మే నెలలో రేవు పని విషయంలో బర్మీయులకూ తెలుగు కూలీలకూ మధ్య చెలరేగిన అల్లర్లలో ఎందరో చనిపోయారు. 1942లో జపాను దాడికి భయపడి లక్షల మంది భారతీయులు కాలినడకన అడవులు దాటారు. 1960లలో సైనిక ప్రభుత్వం వ్యాపారాలను జాతీయం చేశాక మిగిలినవారిలోనూ చాలామంది వెనక్కి వచ్చారు. విశాఖపట్నంలోని బర్మా క్యాంపు అలా వచ్చినవారిదే. మలయాలో కంగాణీలు (కూలీలను పోగుచేసే మేస్త్రీలు) తమ ఊరివాళ్లనే తీసుకెళ్లడంతో ఒకే తోటలో ఒకే ప్రాంతపు తెలుగు కుటుంబాలు కుదురుకున్నాయి. గల్ఫ్ సంగతి వేరు. కరీంనగర్, కడప, కోనసీమల నుంచి వెళ్లిన కార్మికులకు అక్కడ స్థిరపడే హక్కే లేదు, నివాసం కంపెనీ చూపిన లేబర్ క్యాంపు.

స్థలాన్ని ఎంచుకునే వీలు విస్తారంగా కలిగింది అమెరికాలో. 1965 వలస చట్టం దేశాల వారీ పాత కోటాలను తీసివేసి నైపుణ్యానికి పెద్దపీట వేసింది. మొదట వెళ్లిన వైద్యులు రెసిడెన్సీ దొరికిన ఆసుపత్రి ఉన్న ఊళ్లో దిగారు. తర్వాతి కాలంలో జె-1 వీసా మీద చదివిన వైద్యులకు, వైద్యులు కరువైన ప్రాంతంలో మూడేళ్లు పనిచేస్తే స్వదేశానికి తిరిగి వెళ్లాలన్న నిబంధన నుంచి మినహాయింపు ఇచ్చే పథకం 1994లో వచ్చింది. మరో తెలుగు గడప కనిపించని చిన్న పట్టణాల్లో కూడా తెలుగు డాక్టర్లు ఉండటానికి ఇదొక కారణం. అలా చెదిరి ఉన్నవారిని కలిపింది గుడి. 1976లో పిట్స్‌బర్గ్ శివార్లలోని పెన్ హిల్స్ గుట్టమీద వేంకటేశ్వరాలయం వెలిసింది. పిల్లల పుట్టువెంట్రుకలు తీయించడానికి వందల మైళ్లు కారు నడుపుకుంటూ వచ్చేవారు. ఉద్యోగం ఒకచోట, గుడి మరొకచోట ఉన్న తరం అది.

1990 చట్టంతో నైపుణ్య ఉద్యోగులకిచ్చే హెచ్-1బి వీసా వచ్చాక అమెరికా వెళ్లే తెలుగువారి సంఖ్య ఒక్కసారిగా పెరిగింది. వై2కె (2000 సంవత్సరపు కంప్యూటర్ తేదీ సమస్య) రోజుల్లో కొత్తగా దిగిన ఇంజనీరుకు కన్సల్టెన్సీ గెస్ట్ హౌసే మొదటి మజిలీ. రెండు గదుల ఇంట్లో ఐదారుగురు, వంతులవారీ వంట, పగలంతా క్లయింట్ల ఫోన్ ఇంటర్వ్యూలు. ప్రాజెక్టు ఒహాయోలో దొరికితే ఒహాయో, టెక్సస్‌లో దొరికితే టెక్సస్. రెండు సూట్‌కేసులతో బయలుదేరడమే. పెళ్లయి పిల్లలకు బడికి వెళ్లే వయసు వచ్చేదాకా ఊరు గురించి నిదానంగా ఆలోచించే తీరిక ఎవరికీ ఉండేది కాదు.

పిల్లలు వచ్చాక లెక్క మారింది. ఇంటికన్నా ముందు స్కూల్ డిస్ట్రిక్ట్ రేటింగు చూడటం అలవాటైంది. న్యూజెర్సీలో మన్‌హట్టన్‌కు రైలు, బెల్ ల్యాబ్స్, మందుల కంపెనీల ఉద్యోగాలు ఎడిసన్ చుట్టూ కుటుంబాలను చేర్చాయి. ఓక్ ట్రీ రోడ్డు భారతీయ బజారైంది. డాలస్ దగ్గర రిచర్డ్‌సన్‌లోని టెలికాం కంపెనీలు మనవాళ్లను పిలిస్తే, రాష్ట్ర ఆదాయపు పన్ను లేకపోవడం, కాలిఫోర్నియాతో పోలిస్తే ఇల్లు చవకగా రావడం వారిని ఉండనిచ్చాయి. అయితే టెక్సస్‌లో ఆస్తిపన్ను ఎక్కువ. ఈ సంగతి ఇల్లు కొన్నాక తెలుసుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. ముందు వెళ్లిన బావమరిదో క్లాస్‌మేటో ఉన్న అపార్ట్‌మెంట్‌లోనే అద్దెకు దిగడం, తర్వాత ఆ పక్క వీధిలోనే ఇల్లు కొనడంతో ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కోలు తెలుగు ఊళ్లయ్యాయి. 2010, 2017 మధ్య అమెరికాలో తెలుగు మాట్లాడేవారు 86 శాతం పెరిగారు. తెలిసినవాళ్లున్న చోటు వెతుక్కోవడాన్ని తప్పుపట్టలేం. ఆపదలో తలుపు తట్టడానికి ఒక ఇల్లుండాలి. కాని రేటింగు ఒక్కటే చూసి అందరూ ఒకే డిస్ట్రిక్ట్‌లోకి ఎగబడితే ఇళ్ల ధరలూ పిల్లల మీద ఒత్తిడీ రెండూ పెరుగుతాయి. ఆ భారం మోసేది పిల్లలే.

ఇంత ఎంపిక ఉన్నట్టు కనిపించినా హెచ్-1బి దరఖాస్తులో పనిచేసే స్థలం రాసి ఉంటుంది. ఆ మహానగర ప్రాంతం దాటి పని మారితే యజమాని సవరణ దరఖాస్తు వేయాలని 2015లో తేల్చారు. ఉద్యోగం పోతే 2017 నిబంధన ప్రకారం గరిష్ఠంగా 60 రోజుల గడువు. ఆలోగా మరో యజమాని దొరకాలి, లేదా వీసా హోదా మార్చుకోవాలి, లేదా దేశం విడవాలి. ఏటా ఇచ్చే ఉద్యోగ ఆధారిత గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి ఉండటంతో భారతీయులు ఏళ్ల తరబడి వరుసలో నిలబడుతున్నారు. ఆ కార్డు చేతికి వచ్చేదాకా వారు ఉండే ఊరిని నిర్ణయించడంలో మొదటి మాట యజమానిదే.