బంతి ఎవరి కాళ్ల దగ్గర ఆగింది?

ప్రియమైన సహోదరీ సహోదరులారా, ఈ దినము ఒక ఫుట్‌బాల్ జట్టు చరిత్రను మీ ముందు ఉంచాలని ప్రభువు నా హృదయములో భారము పెట్టారు. పాస్టరు గారికి ఆటలతో ఏమి పని అని మీలో కొందరు అనుకోవచ్చు. కాసేపు నాతో కూడా రండి. ఆ మైదానము దాటి మన సంఘము వాకిట్లోకే వస్తాము.

మన హైదరాబాదులో సయ్యద్ అబ్దుల్ రహీం గారు అనే ఉపాధ్యాయుడు ఉండేవారు. ఆయన 1909లో జన్మించారు. బడిలో పిల్లలకు పాఠాలు చెప్పిన ఆ మనిషి 1950లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడయ్యారు. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా 5 సార్లు గెలిచింది. భారత జట్టుకు కూడా ఆయనే శిక్షణ ఇచ్చారు. 1951లో ఢిల్లీలో జరిగిన ఆసియా క్రీడలలో ఆ జట్టు బంగారు పతకం గెలిచింది. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2 తేడాతో ఓడించి సెమీఫైనల్ వరకు వెళ్లింది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో అంత దూరం వెళ్లిన మొదటి ఆసియా జట్టు అదే.

ఆయన మన విశ్వాసమునకు చెందినవారు కారు, ముస్లిము సహోదరుడు. అయితే పొరుగువాడు ఎవడో నేర్పవలసి వచ్చినప్పుడు మన ప్రభువు ఒక సమరయుని మాదిరిగా నిలబెట్టారు గదా. మంచి మాదిరి ఎక్కడ కనిపించినా నేర్చుకొనే మనస్సు మనకు ఉండాలి.

ఆ రోజులలో మన దేశపు ఆటగాళ్లకు ఒక అలవాటు ఉండేది. బంతి దొరికితే దానిని కాళ్ల దగ్గరే పెట్టుకొని, ఒకరిని తప్పించి, ఇంకొకరిని తప్పించి, ముందుకు ఉరకాలని చూసేవారు. దీనినే డ్రిబ్లింగ్ అంటారు. చూసేవారికి అది కన్నుల పండుగ. చప్పట్లు మోగేవి. కాని చివరికి ఎవరో ఒకరు ఆ బంతిని లాక్కునేవారు. రహీం గారు దీనికి ఒక మందు కనిపెట్టారు. డ్రిబ్లింగ్ చేయకూడదు అనే నియమంతో పోటీలు పెట్టించారు. బంతి కాలికి తగలగానే ఇంకొకరికి అందించవలసిందే. ఎంత నేర్పరి అయినా సరే, తన పక్కన ఎవరు ఉన్నారో తలెత్తి చూడక తప్పదు.

ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరకు వస్తాము. ఇప్పుడు ఇండోనేషియా రాజధాని జకార్తాకు వెళ్దాము.

1962లో ఆసియా క్రీడలు అక్కడ జరిగాయి. ఇజ్రాయెల్, తైవాన్ దేశాల క్రీడాకారులకు ఇండోనేషియా ప్రవేశము ఇవ్వలేదు. దీనిని భారతదేశపు క్రీడాధికారి జి.డి. సోంధీ గారు బహిరంగంగా ఆక్షేపించడంతో స్థానిక ప్రజలు మన దేశం మీద మండిపడ్డారు. సెప్టెంబరు 3న మన రాయబార కార్యాలయము మీద దాడి జరిగింది. మరునాడు, సెప్టెంబరు 4న, ఫుట్‌బాల్ ఫైనల్. స్టేడియంలో దాదాపు లక్షమంది. మన జట్టును చూడగానే వారు గేలి చేశారు.

ఎదుట ఉన్నది దక్షిణ కొరియా. అదే క్రీడలలో మొదటి ఆటలో మనవారిని 2-0తో ఓడించిన జట్టు. మనవారి పరిస్థితి చూడండి. వెనుక నిలబడి గోల్‌ను కాపాడే జర్నైల్ సింగ్ గారికి థాయిలాండ్‌తో ఆటలో తలకు గాయమై కుట్లు పడ్డాయి. గోల్‌కీపరు పీటర్ తంగరాజ్ గారు జ్వరముతో బాధపడినవారు. శిక్షకుడు రహీం గారి శరీరములో క్యాన్సరు పని చేస్తూ ఉంది.

అప్పుడు రహీం గారు ఏమి చేశారు? కుట్లు పడిన తలతో వెనుక ఆడడం కష్టమని, జర్నైల్ సింగ్ గారిని ముందు వరుసలోకి మార్చారు. ఆసియాలోనే పేరు పొందిన రక్షకుడు ఆయన. ఇది నా చోటు కాదు అని ఆయన అనవచ్చును. అనలేదు. సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచిన ఆటలో ఒక గోల్ ఆయనదే. ఫైనల్‌లో 17వ నిమిషములో పి.కె. బెనర్జీ గారు గోల్ చేశారు. 20వ నిమిషములో జర్నైల్ సింగ్ గారు రెండవ గోల్ చేశారు. కొరియా చివరలో ఒక గోల్ చేసింది. మనవారు 2-1తో గెలిచారు.

జట్టులోని రెండవ గోల్‌కీపరు ప్రద్యుత్ బర్మన్ గారు ఆ సాయంత్రము పక్కన కూర్చుని చూశారు. ఆయన ముట్టుకోని బంతితో వచ్చిన గెలుపు ఆయనది కూడా.

ప్రియులారా, ఇప్పుడు వాక్యము దగ్గరకు రండి. అపొస్తలుడైన పౌలు కాలములో కొరింథు పట్టణము దగ్గర ఇస్త్మియ క్రీడలు రెండేళ్లకొకసారి జరిగేవి. అందుకే 1 కొరింథీయులకు 9వ అధ్యాయములో పందెపు రంగము, వాడిపోయే కిరీటము కనిపిస్తాయి. ఒలింపియా క్రీడలలోనూ ఈనాటి జట్టు ఆటలు లేవు. పరుగైనా కుస్తీయైనా ఎవరి పోటీ వారిదే, కిరీటము ఒక్కరిదే. అయితే ఫిలిప్పీ సంఘమునకు వ్రాసేటప్పుడు పౌలు 1వ అధ్యాయము 27వ వచనములో ఒక ప్రత్యేకమైన గ్రీకు మాట వాడారు. సునత్లెయో. అత్లెయో అంటే పోటీలో పోరాడడం. అథ్లెట్ అనే మాట ఆ కుదురులోనిదే. దానికి ముందు సున్ చేరింది, అంటే కలిసి. ఒంటరి పోటీల లోకములో నుండి తీసుకున్న మాటను పౌలు సంఘము అంతటికీ కలిపి వాడారు.

అదే మాట 4వ అధ్యాయములో మళ్లీ వస్తుంది. ఎవరి విషయములో? యువొదియ, సుంటుకే అనే ఇద్దరు సహోదరీల విషయములో. సువార్త పనిలో పౌలుతో కలిసి ప్రయాసపడినవారు వారు. ఇప్పుడు ఒకరితో ఒకరికి మనస్సు కలవలేదు. వారు సోమరులు కారు, అవిశ్వాసులు కారు, బాగా ఆడేవారే. సంఘములో గొడవలు చాలాసార్లు పని చేయనివారి మధ్య రావు. పని చేసేవారి మధ్యనే వస్తాయి.

ఇక్కడ నా సంగతి ఒకటి మీతో ఒప్పుకోవాలి. సెమినరీ నుండి వచ్చిన కొత్తలో ఒక చిన్న పట్టణములో పరిచర్య చేసేవాణ్ణి. ఆదివారం ప్రసంగము నాదే, బుధవారం గృహ ప్రార్థన నాదే, యవనస్థుల కూటము నాదే. చివరికి కానుకల లెక్క పుస్తకం కూడా నా బల్ల సొరుగులోనే ఉండేది. అలసిపోయానని అందరితో చెప్పేవాణ్ణి. నిజం చెప్పాలంటే, ఆ అలసట నాకు గొప్పగా ఉండేది.

ఒక డిసెంబరు నెలలో టైఫాయిడ్ వచ్చి మూడు వారాలు మంచం పట్టాను. మా సంఘములో దర్జీ పని చేసుకునే ఒక సహోదరుడు ఉండేవారు. ఏళ్ల తరబడి ఆదివారం అందరికంటే ముందు వచ్చి చాపలు పరిచేది ఆయనే. ఆ మూడు వారాలు గృహ ప్రార్థనలు ఆయన నడిపించారు. గోడ తగాదాతో మాటలు లేని ఇద్దరు అన్నదమ్ములు, ఆయన ప్రార్థించిన రాత్రి పక్కపక్కన కూర్చుని భోజనం చేశారట. నేను రెండేళ్లు ప్రయత్నించి చేయలేని పని అది. నా భార్య వచ్చి ఈ మాట చెప్పినప్పుడు నేను దేవుని స్తుతించాలి కదా? స్తుతించలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాను.

ఆ రాత్రి ప్రభువు నాతో మాట్లాడారు. కోలుకున్న తరువాత ఆ సహోదరుని దుకాణానికి వెళ్లి క్షమాపణ అడిగాను. ఆయన కుట్టుమిషను ఆపి, "అయ్యగారూ, ఎప్పుడైనా చేసేవాణ్ణే, నన్ను ఎవరూ అడగలేదు" అన్నారు. ఎవరూ అంటే ఎవరు? అడగవలసినవాణ్ణి నేనే. బంతి ఇన్నేళ్లు నా కాళ్ల దగ్గరే ఆగిపోయింది.

జకార్తాలో గెలిచిన తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న రహీం గారు కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన దేశానికి ఆ తరువాత బంగారు పతకం రాలేదు. 1970లో బ్యాంకాక్‌లో వచ్చిన కాంస్యమే చివరి పతకం. దీనికి కారణాలు అనేకం, ఒక్క మాటలో తేల్చలేము. కాని ఒక తరము గెలిచినంత మాత్రాన తరువాతి తరము గెలుస్తుందన్న హామీ లేదని మాత్రం తెలుస్తుంది. అందుకే పౌలు తిమోతికి, తాను నేర్చుకున్నది ఇతరులకు బోధింప సామర్థ్యము గల నమ్మకమైనవారికి అప్పగించమని 2వ పత్రిక 2వ అధ్యాయములో హెచ్చరించారు. అందించడం ఆగితే పని ఆగుతుంది.

చదువుతున్న సహోదరుడా, సహోదరీ, నిన్ను మూడు ప్రశ్నలు అడుగుతాను. నీ చేతిలో ఉన్న పరిచర్యను ఇంకొకరికి నేర్పించావా? సంఘ అవసరము కొరకు నిన్ను ఒక చోటి నుండి ఇంకొక చోటికి మార్చితే, కుట్లు పడిన తలతో ముందుకు వెళ్లిన ఆ ఆటగాడిలా వెళ్లగలవా? ఈసారి నిన్ను పక్కన కూర్చోబెడితే, ఆడుతున్నవారి కొరకు ప్రార్థించగలవా? కన్ను చేతితో నీవు నాకు అక్కరలేదని చెప్పలేదు అని 1 కొరింథీయులకు 12వ అధ్యాయము మనకు బోధిస్తుంది. చెయ్యి కూడా అలిగి శరీరమును విడిచి వెళ్లలేదు.

వచ్చే ఆదివారం ఆరాధన ముగిశాక వెంటనే ఇంటికి వెళ్లవద్దు. ఒక్క నిమిషం నిలబడి, తలెత్తి చుట్టూ చూడండి. చాపలు చుడుతున్నవారు ఎవరు? వెనుక వరుసలో మౌనముగా కూర్చున్నవారు ఎవరు? వారిలో ఒకరి దగ్గరకు వెళ్లి అడగండి.

ప్రార్థన చేసుకుందాము. ప్రేమగల పరలోకపు తండ్రీ, నీవు ఇచ్చిన పనిని మా సొంత ఆస్తిలా పట్టుకున్న మమ్మును క్షమించుము. పక్కనున్నవారిని చూసే కన్నులు, అందించే చేతులు, వారి గెలుపులో సంతోషించే హృదయము మాకు దయచేయుము. మా సంఘములను ఏక మనస్సుతో నిలువబెట్టుము. యేసు నామములో అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.