సాల్ట్‌వాటర్ అక్వేరియం: ఇంట్లో పెద్ద ట్యాంక్ పెడుతున్నారా? సైజు ఫిక్స్ చేసే ముందు ఇవి చూసుకోండి!

హాల్లో పెద్ద గాజు ట్యాంక్.. నీలిరంగు లైటు.. మధ్యలో నారింజ రంగు క్లౌన్‌ఫిష్‌లు. చూడ్డానికి ఎంత బాగుంటుందో! ‘ఫైండింగ్ నీమో’ చూసిన పిల్లలైతే నీమో, డోరీ రెండూ కావాలని పట్టుబడతారు. షాపుకెళ్లగానే ఎదురయ్యే మొదటి ప్రశ్న.. ‘ఏ సైజు కావాలి సార్?’ చాలామంది గోడ కొలత చెప్పేస్తారు. తిప్పలు అక్కడే మొదలవుతాయి. చిన్నదైతే చేపలు బతకవు. అంచనా లేకుండా పెద్దది తెస్తే స్లాబ్ మీద భారం, నెలనెలా ఖర్చు తడిసి మోపెడవుతాయి. ఒక్కసారి నీళ్లు నింపాక ట్యాంక్‌ను అంగుళం కూడా జరపలేరు. అందుకే కొనే ముందే లెక్క తేల్చుకోవాలి.

లీటర్ల లెక్క ఇలా..

పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో గుణించి, వచ్చిన దాన్ని 28.3తో గుణిస్తే లీటర్లు వస్తాయి.

- 4 x 2 x 2 అడుగులు: సుమారు 450 లీటర్లు
- 5 x 2 x 2 అడుగులు: సుమారు 565 లీటర్లు
- 6 x 2 x 2 అడుగులు: సుమారు 680 లీటర్లు

ఇది అంచు వరకూ నింపితే వచ్చే లెక్క. రాళ్లు, ఇసుక, పైన వదిలే ఖాళీ తీసేస్తే అసలు నీళ్లు పది, పదిహేను శాతం తగ్గుతాయి.

ముందు చేప.. ఆ తర్వాతే ట్యాంక్

షాపులో రెండు అంగుళాలున్న చేప పెరిగాక ఎంతవుతుందో చూడాలి. నీమోగా అందరికీ తెలిసిన ఓసెల్లారిస్ క్లౌన్‌ఫిష్ మూడు, నాలుగు అంగుళాలకు మించదు, పెద్దగా తిరగదు. దానికి వంద లీటర్ల ట్యాంక్ చాలు. డోరీ సంగతి వేరు. అది బ్లూ టాంగ్. అడుగు వరకూ పెరుగుతుంది, రోజంతా ఈదుతూనే ఉంటుంది. దానికి కనీసం 6 అడుగుల పొడవుండాలన్నది అనుభవజ్ఞులైన పెంపకందార్ల మాట. యెల్లో టాంగ్‌కు 4 అడుగులతో సర్దుకోవచ్చు. ఇరుకు ట్యాంక్‌లో టాంగ్ చేపలు ఒత్తిడికి లోనై, ఒంటి మీద తెల్లచుక్కల జబ్బు తెచ్చుకుంటాయి. ఒకదానికి సోకితే మిగతా వాటికీ పాకుతుంది. డోరీ కావాలంటే ‘ముందు చిన్న ట్యాంక్‌తో మొదలుపెడదాం’ అనే ఆలోచన పనికిరాదు.

చిన్నదే తేలికా? కానే కాదు

నీళ్లు తక్కువుంటే తప్పు చేసే అవకాశమే ఉండదు. 80 లీటర్ల ట్యాంక్‌లో 4 లీటర్లు ఆవిరైతే ఉప్పు శాతం లీటరుకు 35 గ్రాముల నుంచి 37కు దగ్గరగా వెళ్తుంది. అదే 4 లీటర్లు 450 లీటర్ల ట్యాంక్‌లో తగ్గితే పెద్ద తేడా రాదు. కనిపించకుండా ఒక చేప చనిపోయి అమ్మోనియా పెరిగినా ఇదే లెక్క. వేడి కూడా పెద్ద ట్యాంక్‌లో నెమ్మదిగా ఎక్కుతుంది. అందుకే కొత్తవాళ్లకైనా బడ్జెట్ అనుమతిస్తే 4 అడుగుల ట్యాంకే మేలు.

ఎత్తు మోజు వద్దు

అందం కోసం రెండున్నర, మూడడుగుల ఎత్తు అడుగుతుంటారు. ఎత్తు పెరిగే కొద్దీ అడుగున ఒత్తిడి పెరిగి మందమైన గాజు కావాలి. లైటు కిందికి సరిగ్గా దిగదు. క్లీన్ చేయడానికి చెయ్యి అందదు. 2 అడుగుల ఎత్తులో ఆగి, మిగతా డబ్బు పొడవు, వెడల్పు మీద పెట్టడం మంచిది. నీటి పైభాగం ఎంత విశాలంగా ఉంటే ఆక్సిజన్ అంత బాగా అందుతుంది. ఆర్డర్ ఇచ్చే ముందు లిఫ్ట్, మెట్ల మలుపు, తలుపు కొలుచుకోండి. 6 అడుగుల గాజు పెట్టె చాలా లిఫ్టుల్లో పట్టదు.

స్లాబ్ తట్టుకుంటుందా?

అసలు భయపడాల్సింది ఇక్కడే. 4 అడుగుల ట్యాంక్‌లో నీటి బరువే సుమారు 460 కిలోలు. 12 ఎంఎం గాజు దాదాపు 90 కిలోలు. రాళ్లు, ఇసుక, స్టాండ్, కింద సంప్ కలిపితే 700 కిలోలు దాటుతుంది. 6 అడుగులదైతే టన్ను పైమాటే. ఇళ్లలోని గదులకు భారతీయ ప్రమాణం ఐఎస్ 875 చెప్పే లెక్క చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు. 4 అడుగుల ట్యాంక్ కింద పడే భారం చదరపు మీటరుకు దాదాపు వెయ్యి కిలోలు! అలాగని స్లాబ్ వెంటనే కూలిపోతుందని కాదు. ఆ 200 కిలోలు గది మొత్తానికి పరిచి వేసే లెక్క. కానీ ట్యాంక్ బరువంతా ఒకేచోట, ఏళ్ల తరబడి ఉంటుంది. గది మధ్యలో, బాల్కనీలో అస్సలు వద్దు. కింద బీమ్ ఉన్న చోట పెట్టాలి. పై అంతస్తుల్లో అయితే స్ట్రక్చరల్ ఇంజినీర్‌కు బిల్డింగ్ ప్లాన్ చూపించాకే అడ్వాన్స్ ఇవ్వండి.

సంప్‌నూ లెక్కలోకి తీసుకోండి

ట్యాంక్ కింద ఫిల్టర్లు ఉండే తొట్టే సంప్. మెయిన్ ట్యాంక్‌లో 20 నుంచి 30 శాతం సైజు ఉండాలి. దాన్ని అంచు వరకూ నింపకూడదు. ఎందుకంటే కరెంట్ పోగానే పంపు ఆగి, పైనీళ్లు కిందికి దిగుతాయి. 4 x 2 ట్యాంక్‌లో మట్టం 2 సెంటీమీటర్లు దిగితే చాలు, 15 లీటర్లు సంప్‌లో పడతాయి. ఆ ఖాళీ లేకపోతే హాలంతా ఉప్పునీళ్లే. వేవ్‌మేకర్‌కైనా ఇన్వర్టర్ ఉండాలి. లేదంటే ఎక్కువసేపు కరెంట్ పోయినప్పుడు చేపలకు ఆక్సిజన్ అందదు.

నెలనెలా ఖర్చు ఎంత?

సైజు డబుల్ అయితే ఖర్చూ దాదాపు అంతే పెరుగుతుంది. 450 లీటర్ల ట్యాంక్‌లో వారానికి 10 శాతం నీళ్లు మార్చాలంటే 45 లీటర్ల ఆర్వో నీళ్లు, కిలోన్నరకు పైగా మెరైన్ సాల్ట్ కావాలి. వంటింటి ఉప్పు పనికిరాదు. ఆర్వో మెషిన్‌ను బట్టి ప్రతి లీటరుకు రెండు, మూడు లీటర్లు వృథాగా పోతాయి. విశాఖ లాంటి చోట్ల బీచ్ నీళ్లు తెచ్చుకుందామనుకుంటారు. తీరం దగ్గర మురుగు, ఆయిల్ కలిసే ప్రమాదం ఉంటుంది కాబట్టి రిస్క్ తీసుకోవద్దు.

ఇక మన ఎండలు. నీరు 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెలలో 40 డిగ్రీలు దాటే హైదరాబాద్, విజయవాడలో చిల్లర్ తప్పదు. ట్యాంక్ పెరిగే కొద్దీ పెద్ద చిల్లర్, పెద్ద కరెంటు బిల్లు!

ఇది మర్చిపోవద్దు

సముద్రం నుంచి తెచ్చిన పగడాలు, సముద్ర గుర్రాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం-1972 కింద రక్షణ ఉంది. వాటిని కొన్నా, ఇంట్లో ఉంచుకున్నా కేసు తప్పదు. క్లౌన్‌ఫిష్‌ను హేచరీలో పెంచే పద్ధతిని మన సీఎంఎఫ్‌ఆర్‌ఐ ఎప్పుడో అభివృద్ధి చేసింది. హేచరీలో పుట్టిన చేపలే అడిగి తీసుకోండి.

మొత్తంగా.. ముందు చేప, తర్వాత చోటు, ఆ తర్వాత బరువు, చివర్లో బడ్జెట్. ఈ నాలుగూ కుదిరిన సైజే మీ ఇంటికి సరైన సైజు. ట్యాంక్ వచ్చాక కూడా తొందర పడొద్దు. అమ్మోనియాను తినే మంచి బ్యాక్టీరియా తయారవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అప్పటిదాకా నీళ్లు, రాళ్లే. పిల్లలకు ఆ మాట ముందే చెప్పేయండి!