కెమెరా కంటే ముందు చూసినవాళ్లు

ఉగాది వెళ్లిన వారానికి మా నిమ్మతోటలో ఎవరో డ్రిప్పు పైపులు కొరకడం మొదలుపెట్టారు. రోజూ పొద్దున్నే ఏదో ఒక సాలులో నీళ్లు చిమ్ముతూ ఉండేవి. లంకమల కొండల కింద పొలాలున్న అందరికీ ఎండాకాలం మొదట్లో ఉండే బాధే ఇది. పైన వంకలు ఎండిపోతాయి, కింద మా పైపుల్లో నీళ్లుంటాయి. మా నాయన రోజూ సాయంత్రం తొట్టి చుట్టూ మట్టిని కంపతో చదును చేసి, తెల్లారి వచ్చి అడుగులు చూస్తాడు. "ఏదుపంది" అన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. ఆన్‌లైన్‌లో ఒక ట్రైల్ కెమెరా తెప్పించి, తొట్టికి ఎదురుగా వేపచెట్టుకి కట్టి హైదరాబాద్ వచ్చేశాను.

పదకొండు రోజుల తర్వాత వెళ్లి కార్డు తీస్తే పద్దెనిమిది వందల ఫోటోలు. చాలావాటిలో ఏమీ లేదు. ఈ కెమెరా వేడిని పసిగట్టి నిద్ర లేస్తుంది. చుట్టుపక్కల కంటే వేడిగా ఉన్నదేదో కదిలితే చాలు, జంతువనుకుంటుంది. ఎండకు కాగిన గడ్డి గాలికి ఊగినా ఫోటో తీస్తుంది. నేల వేడీ ఒంటి వేడీ దాదాపు సమానమైన వేళ మాత్రం నిజమైన జంతువే ఎదురుగా నడిచిపోయినా పట్టించుకోకపోవచ్చు. మిగతా ఫోటోల్లో ముంగిస, చెవులపిల్లి, రెండు నక్కలు, అడవిపిల్లి, ఒక పందుల మంద. తొమ్మిదో రాత్రి రెండు దాటాక, ముళ్లు వెనక్కి వాల్చుకుని తొట్టి పక్కగా పోతున్న ఏదుపంది.

నాయనకి ఫోన్లో చూపించాను. "నేను చెప్పలా?" అన్నాడు, పెద్దగా ఆసక్తి లేకుండా.

ఆ మాట పట్టుకునే ఈ కెమెరా చరిత్ర చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ, ప్రతి మలుపులోనూ మా నాయన లాంటివాళ్లు ఎవరో ఒకరు ఫోటో అంచుకి అవతల నిలబడి కనిపించారు.

జార్జ్ షైరస్ 1859లో పెన్సిల్వేనియాలో పుట్టాడు. లాయరు, ఒక విడత అమెరికా కాంగ్రెస్ సభ్యుడు, చిన్నప్పటి నుంచి వేటగాడు. మిషిగన్ సరస్సుల దగ్గర ఒజిబ్వే జాతివాళ్ల వేట పద్ధతి ఒకటి నేర్చుకున్నాడు. పడవ ముందు పెనంలో మంట పెట్టుకుని చీకట్లో ఒడ్డు వెంబడి చప్పుడు లేకుండా పోవాలి. నీళ్లకు వచ్చిన జింక ఆ వెలుగుకేసి చూస్తూ నిలబడిపోతుంది. మెరిసే రెండు కళ్లే గురి. షైరస్ తర్వాతి రోజుల్లో పడవలో తుపాకి ఉండే చోట కెమెరా పెట్టాడు, మంటకి బదులు మెగ్నీషియం పొడి వెలిగించాడు. ఇంకో అడుగు ముందుకేసి, దారికి అడ్డంగా తీగ కట్టి, ఆ తీగ తగిలితే కెమెరా తనంతట తానే పేలేలా అమర్చాడు. మనిషి అక్కడ ఉండాల్సిన పని లేకుండా పోయింది. 1906 జులైలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ఆయన ఫోటోలు 74 అచ్చేసింది. పత్రికని బొమ్మల పుస్తకం చేసేస్తున్నారని ఆ సొసైటీ బోర్డు సభ్యులు ఇద్దరు రాజీనామా చేశారట. ట్రైల్ కెమెరాకి ఆద్యుడిగా షైరస్ పేరు నిలిచింది. మంట పెట్టడం నేర్పినవాళ్లు ఒక వాక్యంలో వచ్చి పోతారు.

మన దేశంలో ఆ తీగని పులుల దారిలో కట్టినవాడు ఎఫ్.డబ్ల్యు. చాంపియన్. బ్రిటిష్ కాలంలో యునైటెడ్ ప్రావిన్సెస్‌లో అటవీ అధికారి. తోటి అధికారులు పులి చర్మాలతో గోడలు నింపుకుంటుంటే, ఆయన పులి చేతే దాని ఫోటో తీయించాడు. 1927లో పుస్తకంగా వేశాడు. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవని, చారలని బట్టి ఏది ఏదో చెప్పొచ్చని ఆ ఫోటోల్లోంచే గమనించాడు. దాదాపు డెబ్భై ఏళ్ల తర్వాత, కర్ణాటకలోని నాగరహొళెలో ఉల్లాస్ కారంత్ ఆ చారలతోనే పులుల లెక్క కట్టే పద్ధతిని 1995లో ప్రచురించాడు.

ఇక్కడ నా వాదనకి నేనే అడ్డం పడాలి. అప్పటిదాకా మన పులుల లెక్క అడుగుజాడల మీదే నడిచింది. పాదముద్రలకు అచ్చులు తీసి, వాటిని బట్టి ఏ పులి ఏదో వేరుచేసి లెక్కేసేవారు. 2005 నాటికి రాజస్థాన్‌లోని సరిస్కాలో ఒక్క పులి కూడా మిగల్లేదని బయటపడింది. కాగితాల్లో మాత్రం అప్పటిదాకా పులులు తిరుగుతూనే ఉన్నాయి. ఆ దెబ్బతో దేశమంతటా పద్ధతి మారింది, కెమెరాలు వచ్చాయి. 2018 లెక్కింపులో 26,838 చోట్ల కెమెరాలు పెడితే 3.48 కోట్ల ఫోటోలు వచ్చాయి. అప్పట్లో అది గిన్నిస్ రికార్డుకెక్కింది. కాబట్టి 'అడుగు చూసి చెప్పేవాడు ఉండగా కెమెరా ఎందుకు' అని నేను అనలేను. అడుగు చూసినవాడి మాట ఆఫీసుకి చేరేలోపు ఎన్ని చేతులు మారుతుందో సరిస్కా చెప్పింది.

మా కొండల కథ దీనికి తిరగేసి ఉంటుంది. కలివి కోడి అని ఒక పిట్ట. పొదల మధ్య రాత్రిపూట తిరుగుతుంది. మద్రాసు సైన్యంలో డాక్టరుగా పనిచేసిన జెర్డన్ వల్ల 1848లో శాస్త్రానికి పరిచయమై, ఇంగ్లీషులో ఆయన పేరే పెట్టించుకుంది. 1900లో అనంతపురం దగ్గర కనబడ్డాక దాని ఊసు లేదు. అంతరించిందనుకున్నారు. 1980లలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు దాని బొమ్మ పట్టుకుని మా వైపు ఊళ్లలో అడుగుతూ తిరిగారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే ఆయన, రాత్రి బ్యాటరీ లైటు వెలుగులో నిలబడిపోయిన ఆ పిట్టని చేత్తో పట్టుకొచ్చాడు. అదే వెలుగు వేట. ఒజిబ్వేవాళ్లకీ ఆయనకీ పరిచయం లేదు. కొద్ది రోజులకే ఆ పిట్ట చనిపోయింది. కానీ 86 ఏళ్ల మౌనం ముగిసింది. తర్వాత లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది.

2002లో ఓరిక్స్ అనే పత్రికలో వచ్చిన పరిశోధన ఒకటి చదువుతూ నేను ఆగిపోయాను. కలివి కోడి ఎక్కడెక్కడ తిరుగుతుందో తెలుసుకోవడానికి పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి, తెల్లారి అడుగులు చూశారు. వాటికి తోడు ఆటోమేటిక్ కెమెరాలు పెట్టారు. మా నాయన కంపతో చేసే పనే! కాకపోతే ఆ అడుగులు ఈసారి సాక్ష్యంగా నిలిచాయి. తర్వాతి సంవత్సరాల్లో తెలుగు గంగ కాలువ తవ్వకం ఆ పొదల్లోకి వచ్చినప్పుడు, ఆ పిట్ట ఉందన్న ఆధారం వల్లే కాలువ దారి మార్చవలసి వచ్చింది. ఐతన్న చూపూ కావాలి, ఆ చూపుని కాగితం మీద నిలబెట్టేవాళ్లూ కావాలి.

కెమెరా చూసేది జంతువులని మాత్రమే కాదు. 2024లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు కార్బెట్ పులుల అభయారణ్యం చుట్టూ ఉన్న ఊళ్ల గురించి రాశారు. అక్కడి ఆడవాళ్లు కట్టెలకీ గడ్డికీ అడవిలోకి పోతూ గట్టిగా మాట్లాడుకుంటారు, పాడుకుంటారు. పులి, ఏనుగు పక్కకి తప్పుకుంటాయని. కెమెరాలు వచ్చాక వాళ్ల గొంతులు తగ్గాయి. బహిర్భూమికి వెళ్లిన ఒకామె ఫోటో కెమెరాలో పడి ఊళ్లో ఫోన్లన్నీ తిరిగింది. జనం కోపంతో కొన్ని కెమెరాలు పగలగొట్టారు.

ఇది చదివాక నా కార్డుని మళ్లీ మొదటి నుంచి చూశాను. తెల్లవారుజామున ఐదున్నరకి కట్టెలకి పోతూ ఒక అవ్వ, చీర మోకాళ్ల దాకా ఎత్తి మా తొట్టి దగ్గర కాళ్లు కడుక్కుంటోంది. మొదటిసారి చూసినప్పుడు 'ఏమీ లేని' ఫోటోల్లో వేసేశాను. ఇప్పుడు చెరిపేశాను.

ఆ సాయంత్రమే పక్క తోట మామ వచ్చాడు. "ఏమప్పా, పందులు ఎన్నింటికి వచ్చాండాయి?" అని అడిగాడు. రాత్రి ఒంటిగంటకీ మూడింటికీ మధ్య, దాదాపు రోజూ. ఫోటోల మీద టైము ఉంది. "టైమంటూ లేదు మామా" అన్నాను. మా వైపు పందుల కోసం కరెంటు తీగలు లాగుతారు. వాటికి ఎలుగుబంటైనా మనిషైనా ఒకటే. కానీ ఆయన అడిగింది తీగ కోసమో, టపాకాయలు కాల్చి తరమడానికో నేను అడగనే లేదు. వారం తిరక్కుండా ఆయన అరటి పిలకలు ఒక మూల మొత్తం పెళ్లగించి ఉన్నాయి.

కెమెరాని కిందికి దించి, తొట్టి మాత్రమే కనిపించేలా తిప్పాను. అవ్వ ఎదురైతే చెప్పాను, ఇక్కడ ఫోటోలు తీసే పెట్టె ఉంది, ఒకసారి నువ్వూ పడ్డావు, తీసేశాను అని. అవ్వ కట్టెలమోపు దించకుండానే నిలబడి పెట్టెకేసి చూసింది.

"తీసేసినావా? నాదంటూ ఒక ఫోటో లేదు నాయనా. కడిగించి ఇచ్చింటే ఇంట్లో పెట్టుకుంటాంటి కదా" అంది.