మామ్మ అంగిలి

2009 సంక్రాంతికి మా అన్నయ్య అమెరికా నుంచి ఓ సిగార్ తెచ్చాడు. మాడుగులలో మా ఇంట్లో దాన్ని ఆ పేరుతో పిలిచినవాళ్ళు లేరు. అదీ చుట్టే. చెక్కపెట్టెలో ఒక్కటంటే ఒక్కటి. ఏడున్నర అంగుళాల పొడవు, మామ్మ చిటికెనవేలంత లావు. ఈ కొలతని లాన్సెరో అంటారు. లావుని అంగుళంలో 64వ వంతులతో లెక్కేస్తారు, ఇది 38. నికరాగువా ఆకు. సన్నటి సిగార్‌లో లోపల కూరే ఆకు తక్కువ కాబట్టి రుచిలో ఎక్కువ పాలు పైన చుట్టిన ఆకుదేననీ, అది బాగోకపోతే కప్పిపుచ్చడానికి ఏమీ ఉండదనీ, అందుకే తెలిసినవాళ్ళు సన్నటిదే అడుగుతారనీ అన్నయ్య విడమరిచి చెప్తున్నాడు.

మామ్మ అదేం వినలేదు. చెయ్యి చాపింది.

ముందు చెవి దగ్గర పెట్టుకుని రెండు వేళ్ళతో మెల్లిగా నొక్కింది. బాగా ఎండిపోయిన ఆకైతే చిటపటమంటుంది, ఇది మాట్లాడలేదు. తర్వాత ముక్కు కింద ఆ చివర్నుంచి ఈ చివరికి జరిపింది. నాలిక కొసతో పైఆకుని అద్దింది. బంగారు రంగు కాయితం ఊడదీసి నాకిచ్చింది. అగ్గిపుల్ల గీసి, గంధకం కంపు పోయేదాకా ఆగి, అప్పుడు వెలిగించింది. పావుగంటసేపు ఎవరితోనూ మాట్లాడలేదు. అన్నయ్య సెల్‌ఫోన్‌తో ఫోటో తీస్తుంటే విసుక్కుంది.

"ఆకు బాగా మగ్గింది" అంది చివరికి. "ముందల బెల్లం. ఇప్పుడు మిరియం వత్తంది. ఘాటు నాలిక మీద నేదు, గొంతులో ఉంది, అది మంచి ఆకు లచ్చనం. బూడిద సూడు, తెల్లగా నిలబడింది, రాల్లేదు." ఇంకో రెండు పొగలు లాగి, "కానీ సల్లగా ఉందిరా నాయినా" అని అన్నయ్య చేతికిచ్చేసింది.

సిగార్ల మీద సమీక్షలు రాసేవాళ్ళు చుట్టని మూడు భాగాలు చేసి, మొదటి మూడోవంతు ఇలా ఉంది, రెండోది ఇలా ఉంది అని రాస్తారు. పొగ ఎంత సులువుగా లాగుతోంది, సమంగా కాలుతోందా, బూడిద ఎంతసేపు నిలిచింది, ఇవన్నీ చూసి నూటికి ఇన్ని అని మార్కులు వేస్తారు. నేను తర్వాతెప్పుడో అవి చదివినప్పుడు కొత్తగా ఏమీ అనిపించలేదు. ఒక్క ‘సల్లగా’ అన్నమాట మాత్రం ఏ సమీక్షలోనూ దొరకలేదు. మంచి సిగార్ పొగ చల్లగానే ఉండాలి, వేడెక్కితే లోపం అంటారు వాళ్ళు. మామ్మ దాన్నే లోపంగా చెప్పింది. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

1669 నుంచి 1679 దాకా ఈ సముద్రతీరం వెంబడి తిరిగిన థామస్ బౌరీ అనే ఇంగ్లీషు వర్తకుడు తన రాతల్లో ఇక్కడి బీదవాళ్ళ పొగతాగుడు గురించి రాసుకున్నాడు. హుక్కాలూ గొట్టాలూ లేకుండా, ఉత్త ఆకుని చుట్టి, ఒక చివర వెలిగించి రెండో చివర పెదాల మధ్య పెట్టుకుంటారని. జెంటూలు అని పేరుపెట్టి మరీ రాశాడు, అంటే మనవాళ్ళు. అది అతనికి చాలా నాసిగా కనిపించింది, అయినా పొగతాగడానికి అసలు పద్ధతి ఇదేనేమో అని కూడా అనిపించింది. పోర్చుగీసువాళ్ళు దాన్ని చెరూటా అంటారన్నాడు. అది అరవంలోని ‘సురుట్టు’. మన ‘చుట్ట’ లాగే అదీ చుట్టడం నుంచి వచ్చిన మాటే.

రెండొందల ఏళ్ళు గడిచేసరికి ఆ నాసి చుట్ట దొరల బల్లమీదకెక్కింది. గోదావరి లంకల్లో ఏటా వరద తెచ్చి పోసే ఒండ్రులో పండిన పొగాకుకి మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా పేరుండేది. ఆకుల్లో కండ పట్టడానికి మొక్క పూతకొచ్చే వేళకి తల తుంచేస్తారు. కొనకి దగ్గరగా ఉన్న ఆకుల్లో ఘాటు ఎక్కువ. కోసి ఆరబెట్టి, కుప్పపెట్టి మగ్గబెడతారు. ఆ మగ్గడంలోనే పచ్చివాసన పోయి తీపి దిగుతుంది. 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో ‘లంకా’ అంటే గోదావరి దీవుల పొగాకుతో చుట్టిన ఘాటైన చుట్ట అని అర్థం ఇచ్చారు. నాలుగేళ్ళకి, 1890లో, షెర్లాక్ హోమ్స్ నోట్లో ఆ మాట పడింది. ‘ది సైన్ ఆఫ్ ఫోర్’లో ఆయన 140 రకాల పొగాకు బూడిదల మీద తను రాసిన పుస్తకం గురించి వాట్సన్‌కి గొప్పగా చెప్తూ, హంతకుడు కాల్చింది లంకా చుట్ట అని తేలితే వెతకాల్సిన జాగా ఎంతో తగ్గిపోతుందంటాడు. మాడుగుల హల్వా కూడా 1890లోనే పుట్టిందని మా ఊళ్ళో చెప్తారు. హోమ్స్‌కి అది అందలేదు, పాపం.

1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’లో వెంకటేశానికి గిరీశం నేర్పిన విద్యల్లో చుట్ట కాల్చడం ఒకటి. ఇలా ఎక్కడ చూసినా చుట్ట నోట పెట్టుకుని దాని గురించి మాట్లాడేది మగవాళ్ళే. మా వేపు ఊళ్ళలో అంతమంది ఆడవాళ్ళు కాల్చారు కదా, వాళ్ళ సంగతి ఎవరు రాశారని వెతికితే నాకు దొరికింది డాక్టర్లు.

ఉత్తరాంధ్రలో ఆడవాళ్ళు చుట్టని తిప్పి కాలుస్తారు. వెలిగించిన చివర నోటి లోపల, ఆరిన చివర బయట. దీన్ని అడ్డపొగ అంటారు. కబుర్లు చెప్తూ, వంగి కలుపు తీస్తూ, పిల్లని ఒళ్ళో వేసుకుని కూడా కాల్చగలరు. ఎందుకిలా మొదలైందంటే సవాలక్ష కారణాలు చెప్తారు. గాలికి ఆరిపోకుండా అని, పడవల్లో జాలర్లు మొదలెట్టారని, బూడిద పసిబిడ్డ మీద పడకుండా అని, పెద్దవాళ్ళకి నిప్పు కనపడకుండా అని. నాకు వీటిలో ఏదీ పూర్తిగా నమ్మబుద్ధి కాదు. మామ్మని అడిగితే అన్నమాట నమ్మాను. "తిన్నగా కాలిస్తే పొగ సగం గాలికి పోతాది గుంటా. ఇలాగైతే వేడీ రుసీ అంతా నోట్లోనే ఉంటాది."

నోట్లోనే ఉంటుంది, నిజమే. బొంబాయిలో ఖానోల్కర్, సూర్యాబాయి 1945లో మనదేశపు అలవాట్ల వల్ల వచ్చే మూడు కొత్త రకాల క్యాన్సర్ల గురించి రాసినప్పుడు అందులో చుట్ట క్యాన్సర్ ఒకటి. 1957లో గోవిందరెడ్డి, రావు అనే ఇద్దరు డాక్టర్లు కోస్తాలో అంగిలి క్యాన్సర్‌కీ అడ్డపొగకీ ఉన్న ముడిని చూపిస్తూ వ్యాసం రాశారు. 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో కోపెన్‌హాగెన్ డాక్టర్ పిండ్‌బోర్గ్, బొంబాయి పరిశోధకులు కలిసి ఒక సర్వే వేశారు. శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి 10,169 మంది నోళ్ళు తెరిపించి చూశారు. నూటికి నలభై మందికి పైగా అడ్డపొగ తాగేవాళ్ళే, అందులో ఆడవాళ్ళదే పైచెయ్యి. అంగిలి తెల్లగా మందమెక్కడం, మధ్యలో ఎర్రచుక్కలతో గింజలు లేవడం, పుళ్ళు, ఇవన్నీ రకాలుగా విడదీసి ఫోటోలతో అచ్చేశారు.

ఇంగ్లీషులో పాలెట్ అంటే నోటి పైకప్పు, రుచి తెలియడం కూడా. తెలిసినవాడికి మంచి పాలెట్ ఉందంటారు. మనకి అంగిలి అంటే అంగిలే. మా ఆడవాళ్ళ అంగిలి గురించి రాసినవాళ్ళకి దాని రుచితో పనిలేదు. రుచి గురించి రాసినవాళ్ళు మా ఆడవాళ్ళని అడగలేదు.

మామ్మ చెల్లెలు నేను చిన్నపిల్లగా ఉండగా పోయింది. ఇంట్లో ‘నోటి పుండు’ అనేవారు, అంతకుమించి పేరు లేదు. చివర్న గంజి కూడా ముక్కులోంచి వచ్చేసేదని అమ్మ చెప్పింది. అంగిలికి చిల్లుపడితే అలాగే అవుతుందని నాకు ఇరవయ్యేళ్ళ తర్వాత ఆ వ్యాసాలు చదివితే తెలిసింది. అందుకే మామ్మ పొగాకు చూసే తీరుని ముచ్చటగా రాయడానికి చాలాకాలం నాకు చెయ్యాడలేదు. రాస్తే చిన్నమామ్మని దాచినట్టు ఉంటుంది. అలాగని ఆవిణ్ణి సర్వేలో ఒక నోరుగా మాత్రం రాయడం కూడా నాకు ఇష్టం లేదు. సంతలో పదిమంది ఆకుల కట్టలు పట్టుకొచ్చి ఆవిడ ముందు పెట్టి, "ఇది లంకాకేనా మామ్మా?" అని అడగడం నేను కళ్ళారా చూశాను.

2003లో మామ్మకీ అంగిలి మీద తెల్లపొర కనిపించింది. విశాఖపట్నం తీసుకెళ్ళాం. ముక్క తీసి పరీక్షకి పంపారు, ఇంకా క్యాన్సర్ కాదు, మానెయ్యండి అన్నారు. మామ్మ మానలేదు, తిప్పింది. అందరిలాగా నిప్పు బయటికి పెట్టి, రోజుకి ఒకటి, రెండు. ఆర్నెల్లకి పొర చాలామటుకు పల్చబడింది. డాక్టరు సంతోషపడ్డాడు, మానెయ్యమని మళ్ళీ చెప్పాడు. ఇంటికొచ్చాక మామ్మ అరుగు మీద కూచుని, "బతికేను గానీ నోరు సచ్చిపోయింది" అంది. ఆ తర్వాత కాల్చిన ప్రతి చుట్టా ఆవిడకి చల్లగానే ఉంది. అన్నయ్య తెచ్చిన లాన్సెరో కూడా.

2014లో పోయింది, గుండెనొప్పితో. ఆ బంగారు రంగు కాయితం నా దగ్గరే ఉంది, మధ్యలో చిరిగిపోయింది.

పోయిన వేసవిలో ఊరెళ్ళినప్పుడు సంతకి వెళ్ళాను. కొండమీంచి దిగిన చింతపండు గంపలు, అడ్డాకుల కట్టలు దాటి చివర్న పొగాకు అమ్మే ముసలాయన ఒక్కడే ఉన్నాడు. కొనేవాళ్ళందరూ నడివయసు దాటినవాళ్ళే. నేనెవరి మనవరాలినో చెప్పగానే కట్టలోంచి ఒక ఆకు లాగి నా చేతిలో పెట్టాడు. మామ్మలాగే ముక్కు కింద ఆ చివర్నుంచి ఈ చివరికి జరిపాను. తడిమట్టి వాసనేదో వచ్చింది, అంతే.

"లంకాకేనా?" అన్నాను.

ఆయన నవ్వి ఆకు వెనక్కి తీసుకున్నాడు. "మీ మామ్మయితే అడగదమ్మా" అన్నాడు.