పిల్లిపెసర

తమిళులు దీన్ని నరిప్పయరు అంటారు. నరి అంటే నక్క. మనం పిల్లిని పట్టుకున్నాం. పైరు ఒకటే. తినే పెసరకు చుట్టమే గానీ గింజ మరీ చిన్నది, తీగ నేలబారున పాకుతుంది. ఇంటి వంటకు అందని రకానికి జంతువు పేరు తగిలించడం పల్లెలకు అలవాటు: కుక్కతులసి, కుక్కవామింట, పిల్లితేగ. సంస్కృతంలో మాత్రం ముద్గపర్ణి, అంటే పెసర ఆకుల్లాంటి ఆకులున్నదని.

పేరులో చిన్నచూపు ఉన్నా పశువుల పాలిట ఇది విందు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో కోతకు కొద్దిరోజుల ముందు, వరి ఇంకా నిలబడి ఉండగానే, పదును చూసి గింజ చల్లేవారు. కోతకూలీల కాళ్లకింద అది బురదలో దిగబడేది. ఆపైన నీరు పెట్టే పనే లేదు. మిగిలిన తేమతో, మంచుతో చేను పచ్చగా అల్లుకునేది. కొంత పచ్చిమేతగా, మిగిలింది ఎండుమేతగా. వేళ్ల బుడిపెలు నత్రజనిని పట్టి ఉంచుతాయి కాబట్టి పొలానికీ బలమే. వ్యవసాయ శాస్త్రవేత్తలు ఇంగ్లీషు పుస్తకాల్లోనూ ఈ తెలుగు పేరునే వాడుతున్నారంటే నాకు ఎంతో సంతోషం.

మినుము డబ్బు తెచ్చిపెట్టడంతో, కోత యంత్రాలు మళ్లలో దిగడంతో దీని సాగు తగ్గింది. వేసుకునేవారికి ఒక్కమాట: పూత దశలో కోయండి. ఎండుమేతకు ఆరబెట్టినదాన్ని బాగా ఎండాక మిట్టమధ్యాహ్నం తిరగేస్తే ఆకంతా పొడై రాలుతుంది, మాంసకృత్తులు ఎక్కువగా ఉండేది ఆకులోనే. పొద్దున్నే, మంచు పూర్తిగా ఆరకముందే తిప్పాలి.