నాజిల్ మాటిమాటికీ ఆగిపోతోందా? లోపం బంకుదా, బండిదా తేల్చుకోండిలా

జంషెడ్‌పూర్ నుంచి ఖర్కాయి నది దాటితే ఆదిత్యపూర్. టాటా మోటార్స్‌కు విడిభాగాలు అందించే చిన్నాపెద్దా కర్మాగారాలున్న ఊరు. టాటా-కాండ్రా రోడ్డులో కార్లూ లారీలూ ఒకే బంకు ముందు వరుస కడతాయి. అలాంటిచోట మీ కారులో పెట్టిన నాజిల్ టక్కుమని ఆగి, మళ్లీ నొక్కితే మళ్లీ ఆగిందనుకోండి, వెనక హారన్లు మొదలవుతాయి. బంకు సిబ్బంది ‘బండిలోనే లోపం’ అంటారు. మెకానిక్ ‘బంకులోనే లోపం’ అంటాడు. ఇద్దరిలో ఎవరి మాట నిజమో తేల్చడం పెద్ద కష్టం కాదు.

ముందు ఒక్కటి గమనించండి. నాజిల్ ఆగకుండా, ధార మాత్రం సన్నగా వస్తోందా? అయితే అది దాదాపుగా బంకు సమస్యే. పంపులోని ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు, లేదా ఒకే మోటారు మీద నాలుగైదు నాజిళ్లు ఒకేసారి నడుస్తుండొచ్చు. ధార బాగానే ఉండి మాటిమాటికీ ఆగుతుంటే వేరే బంకులో ఒకసారి కొట్టించి చూడండి. అక్కడా అంతే అయితే అనుమానించాల్సింది బండినే.

నాజిల్ ఎందుకు ఆగుతుంది? దాని కొసన చిన్న రంధ్రం ఉంటుంది. పెట్రోల్ పారుతున్నంతసేపూ ఆ రంధ్రం గాలి పీలుస్తుంటుంది. ట్యాంకు నిండి పెట్రోల్ దాన్ని కప్పేయగానే లోపలి పీడనం మారి మీట విడిపోతుంది. దీనికి కరెంటుతో పనిలేదు. ట్యాంకు ఖాళీగా ఉన్నా సరే, మెడ గొట్టంలో పెట్రోల్ వెనక్కి ఎగదన్నితే నాజిల్ నిండిందనే భ్రమపడుతుంది.

వెనక్కి ఎందుకు తన్నుతుంది? ముప్పై లీటర్లు లోపలికి వెళ్లాలంటే ముప్పై లీటర్ల గాలి, ఆవిరి బయటికి రావాలి. ఆ దారి ఇరుకైతే తిప్పలు తప్పవు. అమెరికాలో 1998 మోడళ్ల నుంచి దశలవారీగా, నింపేటప్పుడు వచ్చే ఆవిరిని కారులోనే బొగ్గు నింపిన క్యానిస్టర్‌లోకి మళ్లించే ఏర్పాటు తప్పనిసరి చేశారు. అందుకే అక్కడి సలహాలన్నీ ముందు క్యానిస్టర్ వైపే వేలు చూపుతాయి. మన దగ్గర నడిచే చాలా కార్లలో ఆ గాలి మెడ గొట్టం పక్కనున్న సన్నటి బ్రీదర్ పైపు గుండానే బయటికొస్తుంది. కాబట్టి మెకానిక్‌ను ముందు ఆ పైపు చూడమనండి. అది మడతపడిందా, ఎలుక కొరికిందా, మట్టి పట్టిందా? వెనక భాగానికి దెబ్బ తగిలి డెంటింగ్ చేయించాక సమస్య మొదలైతే పైపు నొక్కుకుపోయి ఉండే అవకాశం ఎక్కువ.

తర్వాతి వంతు క్యానిస్టర్‌ది. దుమ్ము ఎక్కువగా ఉండే దారుల్లో దాని గాలి ఫిల్టర్ పూడుకుపోవచ్చు. పెట్రోల్ కొట్టించిన వెంటనే ఇంజిన్ స్టార్ట్ కాకుండా మొరాయిస్తుంటే పర్జ్ వాల్వ్ తెరుచుకునే ఉండిపోయిందేమో చూడాలి. మూత తీయగానే ప్రతిసారీ గట్టిగా బుస్సుమంటే గాలి దారి సరిగా లేదని అనుమానించవచ్చు. మండువేసవిలో మాత్రం కొంత చప్పుడు మామూలే, వేడికి ఆవిరి పెరుగుతుంది.

క్యానిస్టర్‌ను చాలాసార్లు పాడుచేసేది మనమే. నాజిల్ ఆగాక ‘రౌండ్ ఫిగర్ చేసేయండి’ అంటూ ఇంకొంత కుక్కించుకుంటాం. ఆవిరి మాత్రమే వెళ్లాల్సిన గొట్టంలోకి పెట్రోల్ చేరితే బొగ్గు తడిసి పనికిరాకుండా పోతుంది. వందో రెండొందలో లెక్క సరిపోతుంది గానీ క్యానిస్టర్ మార్చాలంటే ఖర్చు వేలల్లోకి వెళ్తుంది.

డీజిల్ బండ్ల సంగతి వేరు. డీజిల్ నురగ కడుతుంది, ఆ నురగ రంధ్రాన్ని తాకినా నాజిల్ ఆగుతుంది. లారీల కోసం పెట్టిన వేగవంతమైన నాజిల్‌ను కారులో పెడితే ఇది మరీ ఎక్కువ. మీట సగమే నొక్కమని అడగండి. పెట్రోల్ కారుకైనా మరమ్మతు చేయించేదాకా ఇదే ఉపాయం. నాజిల్‌ను కాస్త పక్కకు తిప్పి, ఒక అంగుళం బయటికి లాగినా పనవుతుంది. సీఎన్‌జీ నెమ్మదిగా ఎక్కడానికి కారణం వేరు. అక్కడ స్టేషన్‌లో పీడనం తగ్గడమే ఎక్కువసార్లు చిక్కు.

నాజిల్ ఇన్నిసార్లు ఆగితే పెట్రోల్ తక్కువ పోశారేమోనన్న అనుమానం సహజం. మీటరు పంపులోనే ఉంటుంది కాబట్టి నాజిల్ ఆగినంత మాత్రాన కొలత మారదు. అయినా సందేహం తీరకపోతే తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న ఐదు లీటర్ల కొలపాత్ర ప్రతి బంకులో ఉండాలి. అందులో పోసి చూపించమని అడిగే హక్కు మీకుంది.